దూది అంతస్తులో కుందేలు

సోమవారం, సాయంత్రం

ఇదిగో గోడా, రాసుకో. గోడలకు చెవులుంటాయని మా అత్తగారు అనేది. ఈ రాట్నంలో గోడలకు చెవులే కాదు, చేతులు కూడా ఉన్నాయి. విన్నదంతా రాసిపెట్టి డాక్టరుకి అందిస్తాయి. కుందేలు ఏం తింది, పెంటికలు వేసిందా లేదా, ఎలా కూర్చుంది, పూటపూటకీ చెప్పమంది డాక్టర్ హైమ. "మీకు తోచింది కూడా చెప్పండి వరహాలమ్మగారూ, పరవాలేదు" అంది. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది, పిచ్చిపిల్ల. నాకు తోచడం మొదలైతే ఆపడం మా ఆయన వల్లే కాలేదు.

సరే. కుందేలు పేరు గవ్వ. తెల్లగా ఉంటుంది, ముడుచుకుని పడుకుంటే అచ్చం గవ్వే. అడుగు అంతస్తులో తోటల ఎరువు కోసం కుందేళ్ళు పెంచే కొట్టంలో పుట్టింది. నేను ఆ పక్కనే నీళ్ళ పంపుల దగ్గర పనిచేసేదాన్ని. చెవి చినిగిన పిల్ల, పనికిరాదని పక్కన పడేస్తే కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటినుంచీ నా మంచం కిందే దాని కాపురం. మా ఆయన పోయాక ఇంట్లో నా మాట వినే ప్రాణి అదొక్కటే. వినడమంటే చెవులు ఇటు తిప్పేది, అంతే. మా ఆయన మాత్రం అంతకంటే ఏం చేశాడు గనక?

ఇవాళ గవ్వకి ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. కారణం నేనే. పోయిన నెల నా గుండె మొరాయిస్తే నన్ను ఈ దూది అంతస్తుకి చేర్చారు. ఆకాశంలో రాట్నం తిరుగుతుంది కాబట్టే మా ఊరికి బరువు. అంచున ఉన్న అడుగు అంతస్తులో నిండు బరువు. ఇరుసు వైపు ఎక్కేకొద్దీ తగ్గిపోయి ఇక్కడ పావు వంతు మిగులుతుంది. అలిసిన గుండెకి అదే మందు. అయితే ఇక్కడ ఆడకుందేలుని పెట్టుకోవాలంటే ఆపరేషన్ అయి తీరాలి. ఈడొచ్చిన ఆడకుందేలుకి కోపమొస్తే ఉచ్చ చిమ్ముతుంది. కింద అయితే మన కాళ్ళ దగ్గర పడుతుంది, తిట్టుకుంటూ తుడుచుకుంటాం. ఇక్కడ చిమ్మితే ఎదురింటి కామేశంగారి కంచంలో పడుతుంది. పైగా తీయకపోతే ముసలితనంలో దానికి లోపల గడ్డలు లేస్తాయట. అది కూడా నిజమే. కానీ అసలు మాట చెప్పాలంటే, దాన్ని వదిలి ఉండలేక దాని కడుపు కోయించాను.

ఈ నెలంతా కింద ఆస్పత్రి బోనులో ఉన్నదాన్ని ఆపరేషన్ కాగానే నేరుగా పైకి తెచ్చారు. మా దగ్గర ఎవరికి కోత పడినా, ఎవరికి నొప్పులు దగ్గరపడినా, ఎవరి ప్రాణం అలిసినా దూదికి చేర్చడమే ఆచారం. ఒళ్ళో పిడికెడు దూది పెట్టి, హారతిచ్చి లిఫ్టు ఎక్కిస్తారు. గవ్వ బుట్టలో కూడా నర్సమ్మలు పిడికెడు దూది పెట్టి పంపారు. ఎంత ముచ్చటేసిందో! ఇక్కడైతే కుట్ల మీద బరువు పడదు, హాయిగా మానుతుంది అంది హైమ.

వెళ్తూ వెళ్తూ మాత్రం గుమ్మంలో ఆగింది. "రేపు పొద్దుటికి తినాలి వరహాలమ్మగారూ. మనలాగా లంఖణాలు దానికి పనికిరావు. కుందేలు పేగు ఆగకూడదు. ఆగిందంటే ఒక పూట చూస్తాం. రెండో పూట చూడడానికి కుందేలు ఉండకపోవచ్చు."

ఇంకా మత్తు వదల్లేదు. చెవులు చల్లగా ఉన్నాయి. నా శాలువా కప్పాను.

మంగళవారం, పొద్దున్న

తినలేదు.

కొత్తిమీర కట్ట పెట్టినచోట పెట్టినట్టే ఉంది. ఈ కొత్తిమీర కోసమే ఒకప్పుడు నా చీర కుచ్చెళ్ళు కొరికి పోగులు పెట్టింది ఈ మహాతల్లి. ఇవాళ ముక్కు కూడా ఆనించలేదు. ఎండుగడ్డి వంక చూడలేదు. పెంటికలు లేవు. కుట్లు చూశాను, శుభ్రంగానే ఉన్నాయి, ఎరుపూ వాపూ లేవు. నొప్పి మందు నోట్లో వేస్తే మింగింది. మళ్ళీ మూలకి పోయి వీపు పైకెత్తి, కళ్ళు సగం మూసి కూర్చుంది. పళ్ళు నూరుతోంది.

ఏడవదు, మూలగదు. కుందేలు జాతికి నొప్పి దాచుకోవడమే తెలుసు. నొప్పి ఉందని తెలిస్తే పట్టుకుపోయేవాడెవడో వస్తాడని భయం. ఈ రాట్నం మొత్తంలో నిన్ను పట్టుకుపోయేవాడు ఎవడూ లేడే తల్లీ, నా దగ్గరైనా మూలగవే అంటే వినదు.

గడ్డిపొడి నీళ్ళలో కలిపి సిరంజితో పట్టించమంది హైమ. ముందు పళ్ళ పక్కన సందు ఉంటుంది, అందులోంచి కొంచెం కొంచెంగా. పట్టించాను. రెండు గుక్కలు మింగి, మిగతాది పెదవి పక్కనుంచి వదిలేసింది. ఆ బొట్టు ఎంతసేపటికో దిగి నా చీర మీద వాలింది. ఇక్కడ బొట్లు కూడా బద్ధకంగానే పడతాయి.

కామేశంగారు తాడు పట్టుకుని గాల్లో అడుగులేసుకుంటూ వచ్చారు. సంగీతం మేష్టారు, ఇక్కడికి చేరి చాలా ఏళ్ళయింది. "కొత్త చోటు కదమ్మా, బెంగపడుతోంది. సర్దుకుంటుంది" అన్నారు. మంచి మనిషి. కానీ సర్దుకునేదాకా దాని పేగు ఆగదు కదా, ఆ మాటతో నా భయం ఇంకో మెట్టు ఎక్కింది.

ఈలోగా గోడలోంచి సన్యాసమ్మ గొంతు.

సన్యాసమ్మ నా తోటికోడలు, మా ఆయన తమ్ముడి భార్య. అన్నదమ్ములిద్దరూ పోయారు, మేమిద్దరం అడుగు అంతస్తులో ఒకే గోడకి అటూ ఇటూ మిగిలాం. నా గుండె సంగతి ఆస్పత్రికి చెప్పి నన్ను పైకి పంపించింది అదే. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాకు గుండె చెడినందుకు కాదు, ఇది నా ఒళ్ళో దూది పెట్టినందుకు ఏడుపొచ్చింది.

"తిందా అక్కా?" అంది.

"నీకెందుకే?"

"మన గవ్వ కదా."

"నీ గవ్వ ఎప్పుడయిందే? నిన్ను చూస్తేనే కొరుకుతుంది."

"కొరికితే కొరికింది లే. తిందా లేదా చెప్పు."

"తింటుంది" అని గోడ ఆపేశాను.

మంగళవారం, మధ్యాహ్నం

ఇంకా తినలేదు. పిలవకముందే హైమ వచ్చింది. స్టెతస్కోపు గవ్వ పొట్ట మీద పెట్టి చాలాసేపు విన్నది. తలెత్తకుండానే "శబ్దం లేదు" అంది. కుందేలు పొట్టలో ఎప్పుడూ ఏదో ఒక గుడగుడ ఉండాలట. లేకపోతే పేగు నిలబడిపోయినట్టు.

"ఎక్స్‌రే తీసి చూద్దాం. ఆ మిషను నడిమి అంతస్తులో ఉంది. బుట్ట మీరు పట్టుకుంటారా? మీ దగ్గరైతే బెదరదు. సగం బరువే కాబట్టి కాసేపటికి మీకేం కాదు."

లిఫ్టు ఎక్కాం. బుట్ట నా ఒళ్ళో. మీట నొక్కుతూ ఉండాలి కాబట్టి హైమ స్టెతస్కోపు నా చెవుల్లో పెట్టింది. "ఏమన్నా వినిపిస్తే చెప్పండి, చెయ్యి మాత్రం కదపకండి" అంది. దేవుడా, ఒక్క చప్పుడు వినిపించు అనుకుంటూ కూర్చున్నాను. లిఫ్టు కిందికి కదిలింది. నెమ్మదిగా నా కాళ్ళు నాకు తెలిశాయి. బుట్ట తొడల మీద ఆనింది. నడిమి అంతస్తు దగ్గరపడుతుండగా చెవిలో ఏదో గొణిగింది.

"ఆపు!" అని అరిచాను.

ఆపింది. విన్నాను. గుడగుడమంటోంది. చిన్న చప్పుడే, గిన్నెలో పప్పు ఉడకబోయే ముందు వచ్చేంత చప్పుడు. హైమ నా చెవుల్లోంచి లాక్కుని తను విన్నది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

"లిఫ్టు కుదుపుకేమో" అంది. ఆగి ఉన్న లిఫ్టులో మళ్ళీ విన్నది. గుడగుడ అలాగే ఉంది. పైకి పోనిచ్చింది. దూది చేరేసరికి చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. కిందికి దించింది, వచ్చింది. పైకి, పోయింది. అలా మేం ఆ లిఫ్టుని ఊయల చేసి ఆడుతుంటే బయట జనం తలుపులు బాదారు. "ఎవరమ్మా అది, పిల్లకాయలా?" అని ఎవరో పెద్దాయన కేకలేశాడు. "కుందేలయ్యా!" అని నేను అంతకంటే గట్టిగా అరిచాను.

హైమ లిఫ్టు నేల మీద చతికిలబడింది. "ఎంత తెలివితక్కువ పని చేశానండీ! నేలని తన్నుకుంటూ పెరిగిన జంతువు ఇది. దాని పేగుకి దాని బరువే తోడు. కోత పడింది అనగానే పైకి చేర్చేశాను, ఆలోచించను కూడా లేదు. ఆపరేషన్‌తో అసలే మందగించిన పేగు, తేలికలోకి వచ్చి పూర్తిగా నిలబడిపోయింది."

"నువ్వొక్కదానివే కాదమ్మా" అన్నాను. "ఆ పిడికెడు దూది చూసి ముచ్చటపడ్డదాన్ని నేను." నిజంగానే, మాలో ఎవరికీ తట్టలేదు. మనకి హాయైంది ఇంకో ప్రాణికి కూడా హాయే అనుకున్నాం. ప్రేమ కొద్దీ చేసిన పని కాబట్టి మళ్ళీ వెనక్కి చూసుకోలేదు.

గవ్వని వెంటనే అడుగు అంతస్తుకి దించాలంది హైమ. పుట్టిపెరిగిన బరువులో ఉంచి, వెచ్చగా చూసుకుంటూ సిరంజితో పట్టిస్తూ ఉంటే పేగు లేవచ్చు. ఆలస్యమైంది కాబట్టి నమ్మకం చెప్పలేనంది. "కింద పట్టించడానికి ఎవరినైనా పెడతాను" అంది.

"ఎవరు ముట్టుకున్నా కొరుకుతుంది. నేను వెళ్తాను."

"మీ గుండె?"

"నాతోపాటు వస్తుంది."

నవ్వలేదు. ఆ పిల్లకి నవ్వొచ్చే స్థితి లేదు. చివరికి ఒప్పుకుంది. పడుకునే ఉండాలి, లేచి కూర్చోకూడదు, పెదవులు నీలమైతే మారు మాట లేకుండా పైకి రావాలి. అన్నిటికీ ఊఁ కొట్టాను. నా ఇల్లు అప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఇక మిగిలింది సన్యాసమ్మ ఇల్లే. ఖర్మ.

మంగళవారం, సాయంత్రం. అడుగు అంతస్తు

ఇది సన్యాసమ్మ గోడ. నా గోడంత చురుకైంది కాదు, చెప్పిందే రెండుసార్లు చెప్పించుకుంటోంది. ఇంటివాళ్ళ పోలికే వచ్చినట్టుంది.

చక్రాల కుర్చీలోంచి మంచం మీదికి నన్ను ముగ్గురు దించారు. అబ్బ, బరువు! నెల రోజుల్లో నా ఒళ్ళు నాకే బరువైపోయింది. చెయ్యి ఎత్తితే ఆ చేతిని ఎవరో కిందికి లాగుతున్నట్టుంది. గుండె మీద రోకలి పెట్టినట్టుంది. ఇది హైమకి చెప్పలేదు. ఇప్పుడు గోడ చెప్పేస్తుంది కాబోలు. చెప్పనీ.

గవ్వని మంచం పక్కన నేల మీద వదిలాం. పాపం, నాలుగు కాళ్ళూ పరుచుకుని, నేలని వాసన చూసింది. వెచ్చటి నీళ్ళ సంచి పక్కన పెట్టాం.

సిరంజి పట్టుకోబోయాను. నా చెయ్యి గాల్లో నిలవలేదు. ఒక గుక్క పోసేలోగా మోచెయ్యి జారిపోయింది. మళ్ళీ ప్రయత్నించాను, సగం పరుపు మీద పోయింది. ఇంత దూరం దేకుతూ వచ్చి ఇందుకా అనుకుంటే కళ్ళు తిరిగాయి.

సన్యాసమ్మ గాజులు తీసి గూట్లో పెట్టి, నేల మీద కూర్చుని నా చేతిలోంచి సిరంజి తీసుకుంది. "నువ్వు చెప్పు, నేను పడతాను" అంది.

"గాజులెందుకు తీశావే?"

"ఆ చప్పుడుకే అది నన్ను కొరికేది. నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే ఇన్నాళ్ళూ తీయలేదేం?"

"నా ఇంట్లో నా గాజులు నేను తీసుకోవడమేంటి?" అంది. అదీ పాయింటే.

నోరు నాది, చెయ్యి దానిది. పక్క పళ్ళ సందులో పెట్టవే, నిలువుగా కాదే, అది మింగాక పొయ్యవే, నీకేమన్నా రైలు తప్పిపోతోందా అని నేను తిడుతూనే ఉన్నాను. గవ్వ బొటనవేలు కసుక్కున కొరికింది. రక్తం వచ్చింది. సన్యాసమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "కొరుకు తల్లీ, దవడైనా ఆడుతుంది" అంది. గవ్వ మింగింది. ఇంకో గుక్క. ఇంకోటి.

బుధవారం, పొద్దున్న

పెంటికలు! గోడా, పెద్ద అక్షరాలతో రాసుకో. పెంటికలు!

చిన్నవి, ముడుచుకుపోయిన మిరియాల్లాంటివి, కొంచెమే. సన్యాసమ్మ ముందు చూసింది. అరచేతిలో వేసుకుని నా మొహం దగ్గర పెట్టింది. ఇద్దరు ముసలాళ్ళం బంగారం చూసినట్టు చూశాం. తరవాత అది వీధిలోకి పరిగెత్తి "మా గవ్వ పెంటికలు వేసిందోచ్!" అని అరిచింది. పక్కింట్లో, అంటే నిన్నమొన్నటి నా ఇంట్లో, కొత్తగా పెళ్ళైన జంట తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు.

హైమ వచ్చి విన్నది. గుడగుడ ఉందట, నెమ్మదిగా. గండం గట్టెక్కిందని ఇప్పుడే అనకూడదు, తనంతట తను తింటేనే అనాలి అంది. నా నాడి కూడా చూసి మొహం ముడుచుకుంది. "రేపు పైకి వెళ్ళిపోండి" అంది.

"అది తిన్నాక."

హైమ సన్యాసమ్మ వంక చూసింది. "నన్ను చూడకండి డాక్టరమ్మా" అంది సన్యాసమ్మ. "మా అక్క పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఇప్పుడు నిజం కుందేలే దొరికింది, ఇంక ఆగుతుందా?"

గురువారం, సాయంత్రం

తింది. కొత్తిమీర. తనంతట తను.

చెప్పాల్సిన మాట ఇంకోటుంది. అది తిన్నది నా చేతిలోంచి కాదు. మధ్యాహ్నం నాకు కాస్త కన్నంటుకుంది. కళ్ళు తెరిచేసరికి సన్యాసమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని ఆకు ఆకు తుంచి ఇస్తోంది, గవ్వ దాని మోకాలి మీద ముందు కాళ్ళు పెట్టి అందుకుంటోంది. కాడ లోపలికి పోయేటప్పుడు మూతి గబగబా ఆడుతోంది. నా గుండె ఎంత పొంగిందో. ఆ పొంగు మీదే, ఏమిటో, ముల్లు గుచ్చుకుంది. నేను తెచ్చి, నేను పెంచి, దాని కోసం చావడానికి సిద్ధపడి దిగివస్తే, ఇది పోయి ఆ గాజులదాని మోకాలెక్కిందా? అసూయ అంటే అసూయే. ఈ వయసులో దాచుకునేదేముంది?

సన్యాసమ్మ నేను లేచింది చూసింది. చటుక్కున మోకాలు ముడుచుకుంది, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు. గవ్వ కింద పడబోయి సర్దుకుంది.

"కుట్లు, కుట్లు! చాపవే కాలు" అన్నాను. మళ్ళీ చాపింది.

కాసేపయ్యాక అడిగేశాను. "నన్నెందుకు పంపించావే పైకి? వదిలించుకోవడానికా?"

గవ్వ వీపు నిమురుతూ కూర్చుంది. "ఆ రోజు పంపుల దగ్గర నువ్వు పడిపోతే నేనే కదా వచ్చింది" అంది. "నిన్ను లేపి, ఏమైందక్కా అంటే నీ నోట్లోంచి మాట రాలేదు. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నీ నోట్లోంచి మాట రాకపోవడం నేను ఎరగను. ఎక్కడో అక్కడ ఉండి తిడుతూ ఉంటే చాలనుకున్నాను." ముక్కు చీదింది. "ఇప్పుడు ఆ గోడ అవతల వీళ్ళిద్దరూ గుసగుసలాడుకుంటారు. తిట్టుకోనే తిట్టుకోరు. ఇంట్లో ఉండబుద్ధి కాదు."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. గోడా, ఇది కూడా పెద్ద అక్షరాలతో రాసుకో, మళ్ళీ మళ్ళీ జరగదు.

శనివారం, మధ్యాహ్నం

గవ్వ గడ్డి తింటోంది. పెంటికలు గుండ్రంగా, పెద్దవిగా ఉన్నాయి. కుట్లు మానుతున్నాయి, ఒక చివర కొంచెం ఎరుపు ఉంటే హైమ చూసి పరవాలేదంది. గెంతనివ్వకూడదని బుట్టలు అడ్డం పెట్టాం. దానికి కోపమొచ్చి వెనక కాలితో నేలని దబదబా బాదింది. పైనైతే ఇలా బాదితే తనే ఎగిరిపోతుంది. ఇక్కడ నేల దాని మాట వింటుంది.

నా సంగతి. పొద్దున్న సన్యాసమ్మ కాఫీ ఇస్తూ నా మొహంలోకి చూసి గ్లాసు కింద పెట్టేసింది. పెదవులు నీలంగా ఉన్నాయట. నాకు తెలుస్తూనే ఉంది, నిన్నటినుంచీ ఊపిరి సగమే అందుతోంది. హైమ పరిగెత్తుకుంటూ వచ్చి ఇంజక్షన్ ఇచ్చింది. ఇవాళే పైకి అంది. ఈసారి నేను బేరం పెట్టలేదు. ఒంట్లో ఓపిక లేదు.

"గవ్వ?" అని మాత్రం అడిగాను.

హైమ మంచం అంచు మీద కూర్చుంది. "పూర్తిగా మానాక, ఒక్కో అంతస్తూ అలవాటు చేస్తూ నెమ్మదిగా పైకి తేవచ్చు. చాలా కుందేళ్ళకి అలవాటవ్వచ్చు. కొన్నిటికి కాకపోవచ్చు. అక్కడ మళ్ళీ ఆగిందంటే..." అని ఆగింది. "మీరు ఏది అంటే అది. మీ కుందేలు."

సన్యాసమ్మ అప్పటికే బుట్ట దులిపి, మెత్తటి గుడ్డ పరుస్తోంది. "మానగానే పంపిస్తాను అక్కా. నీది నీకు చేరుస్తాను. లేకపోతే తోటికోడలు కుందేలుని లాక్కుందని ఊరంతా అంటారు" అంది. మాట గట్టిగానే ఉంది. గుడ్డ మాత్రం పరిచిందే పరుస్తోంది.

నేను గవ్వని ఒకసారి ఒళ్ళో పెట్టమన్నాను. పెట్టింది. పైన నా ఒళ్ళో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియలేదు, కొంగు బరువు కూడా లేదు. ఇక్కడ తొడల మీద పొందికగా, వెచ్చగా, నిండుగా ఉంది. ముక్కు నా వేళ్ళ మధ్య దూర్చి పళ్ళు మెల్లగా టకటకలాడించింది. అది నొప్పికి నూరడం కాదు. సుఖంగా ఉన్నప్పుడు చేసే చప్పుడు. ఆ తేడా నాకు తెలుసు. ఎందుకో అప్పుడు చాలా తేలిగ్గా నిర్ణయం అయిపోయింది. తేలిగ్గా అంటే ఏడవకుండా అని కాదు.

మొదటిసారి నేను ఉండలేక దాన్ని పైకి రప్పించుకున్నాను. రెండోసారి కూడా నా కోసమే రప్పించుకుంటాను. దాని కోసం కాదు. దానికి పైన ఏముంది, నేను తప్ప? నేను మాత్రం ఎన్నాళ్ళు?

"గుడ్డ తీసెయ్యవే" అన్నాను. "అది ఎక్కడికీ రాదు."

సన్యాసమ్మకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుంది.

"కొత్తిమీర కాడలతో సహా పెట్టు, ఆకులొక్కటే కాదు. గడ్డి ఎప్పుడూ ఉండాలి. కుట్లు రోజూ చూడు. పొద్దున్నే పెంటికలు చూడకుండా నువ్వు కాఫీ తాగకూడదు."

"నాకు తెలుసు లేవే" అంది. నన్ను 'ఏమే' అన్నట్టు అనడం ఇదే మొదలు. తరవాత నాలిక కరుచుకుని "అక్కా" అని చేర్చింది.

గవ్వని నేనే ఎత్తి సన్యాసమ్మకి అందించాలనుకున్నాను. చేతులు లేవలేదు. అదే వంగి తీసుకుంది.

శనివారం, సాయంత్రం. దూది

మళ్ళీ నా గోడ దగ్గరికి వచ్చాను. ఇది ఆఖరిసారి చెప్పడం, ఇకమీదట గవ్వ సంగతులు సన్యాసమ్మ గోడ రాస్తుంది.

లిఫ్టులో నాతోపాటు ఒక నిండు చూలాలు ఎక్కింది. మొదటి కాన్పులా ఉంది. ఒళ్ళో పిడికెడు దూది, నుదుట పెద్ద బొట్టు, కళ్ళ నిండా బెదురు. నేను కుర్చీలో, ఒళ్ళో ఖాళీ బుట్ట. బుట్ట తేవక్కర్లేదు, ఎందుకు తెచ్చానో నాకే తెలీదు.

పైకి పోయేకొద్దీ ఒంట్లోంచి నొప్పి దిగిపోయింది. ముందు కాళ్ళు, తరవాత నడుము, చివరికి గుండె మీది రోకలి. ఊపిరి లోపలికంటా అందింది. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని అక్కడ వదిలేసి వస్తుంటే, సిగ్గులేని ఒళ్ళు, హాయిగా ఎలా ఉంటుంది? ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఆ పిల్ల భయపడిపోయింది. "ఎందుకండీ ఏడుస్తున్నారు? పైన బాగుండదా?"

"బాగుంటుందమ్మా. ఇప్పుడే నీ నడుం నొప్పి తగ్గలేదూ?"

తడుముకుని చూసుకుంది. "తగ్గిందండీ" అంది ఆశ్చర్యంగా.

"ఇంకా తగ్గుతుంది. పండంటి బిడ్డని కని, చక్కా కిందికి దిగిపో."

తల ఊపింది. కాసేపు నన్ను, నా ఒళ్ళో బుట్టని చూసింది. "అందులో ఏముందండీ?" అని అడిగింది.

"ఏం లేదు. కుందేలు ఉండేది."

"అయ్యో, పోయిందా?"

"ఛ, పోవడమేంటి?" అన్నాను కళ్ళు తుడుచుకుని. "అది మా తోటికోడలి కుందేలు. కింద, వాళ్ళింట్లో ఉంది. తింటోంది."